ఎత్తు మడుల్లోకి గరిక, తుంగ రాకుండా ఏం చేయాలి?

#1 మడిగట్టు (ఖమ్మం)

అందరికీ నమస్కారం. పెరట్లో ఆరు ఎత్తు మడులున్నాయి. ఒక్కోటి 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. ఇటుక గోడలే, పునాది తీయలేదు. కింద నల్లరేగడి. నింపింది సగం చెరువు మట్టి, సగం పశువుల ఎరువు. మడుల మధ్య రెండేసి అడుగుల దారులు, వాటి నిండా గరిక. మడి అంచుల వెంట గరిక లోపలికి దిగింది, మధ్యలో తుంగ లేస్తోంది, ఖాళీ కనిపిస్తే చాలు గంగవాయిలి, పులిచింత. వంగ, టమాట మార్చి నెలాఖరుకు అయిపోతాయి. మళ్లీ విత్తేది జూన్‌లో. ఈ రెండు నెలల్లో ఏ పని ముందు, ఏది తర్వాత? మట్టంతా తీసి అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిస్తే పీడ విరగడవుతుందా?

#2 తొలిక (గుంటూరు)

ప్లాస్టిక్ పరవద్దండీ. మూడు కారణాలు. నీరు కిందికి దిగక వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి. తుంగ గడ్డలు మీ చెరువు మట్టిలోనే ఉన్నాయి కాబట్టి అవి ప్లాస్టిక్ పైనే ఉండిపోతాయి. ఇక గరిక గోడ కింద నుంచే కాదు, గోడ మీదుగా కూడా పాకి వస్తుంది, దానికి అడుగున పరిచిన ప్లాస్టిక్ అడ్డే కాదు.

మీ మడుల్లో ఉన్నది ఒక కలుపు కాదు, మూడు రకాల కలుపు. మూడింటికీ ఒకే మందు వేయబోతేనే పని చెడుతుంది.

గరిక బయటి నుంచి వస్తుంది. దానికి నేల మీద పాకే తీగ ఒకటి, నేలలో పాకే దుంపకాండం ఒకటి, రెండూ ఉంటాయి. ప్రతి కణుపూ ఒక మొక్కే. పారతో నరికితే ఒక తీగ పది ముక్కలై పది చోట్ల లేస్తుంది. నేలలోది ఎక్కువగా పై 6 అంగుళాల్లోనే ఉంటుంది. ఎత్తు మడిలో మట్టి వదులుగా ఉంటుంది కాబట్టి అడుగు లోతుకూ దిగుతుంది. దాని బలహీనత నీడ. ఎండ తగలకపోతే నీరసించిపోతుంది.

తుంగ లోపలి నుంచి వస్తుంది. అది అసలు గడ్డి జాతే కాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. నేలలో గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంత కాలం కొన్ని గడ్డలు మొలవకుండా నిద్రపోతాయి. పైమొక్కను పట్టి లాగగానే గొలుసు తెగుతుంది, నిద్రలో ఉన్నవి లేస్తాయి. ఒకటి పీకితే నాలుగు వచ్చాయి అనేది ఇందుకే.

మూడోది గింజ కలుపు. గంగవాయిలి, పులిచింత, తోటకూర జాతులు, వయ్యారిభామ. ఇవి ఎరువుతోనూ గాలితోనూ నర్సరీ మొక్కల కుండీలతోనూ వస్తాయి. మూడింటిలోకీ తేలిగ్గా లొంగేవి ఇవే.

#3 నాపరాయి (తాండూరు)

గరిక సంగతి నేను చెప్తాను. పునాది లేని ఇటుక గోడ గరికకు అడ్డు కాదు. అడుగు వరస కింద నుంచి దూరుతుంది, సున్నం, సిమెంటు రాలిన సందుల్లోంచి దూరుతుంది. నేలలో నిలువుగా ఒక గోడ కావాలి. మన దగ్గర దానికి తాండూరు నాపరాయి, కడప బండ ఉండగా ఇంకేదీ వెతకనక్కర్లేదు. కుళ్లదు, తుప్పు పట్టదు, వేరు దూరదు.

2 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, అంగుళం మందం ముక్కలు కోయించండి. 15 అంగుళాల లోతు, 6 అంగుళాల వెడల్పు కందకం తవ్వి బండల్ని నిలబెట్టండి. 3 అంగుళాలు నేల పైకి ఉండాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే, చూడ్డానికి బాగుంటుందని నేల మట్టానికి సమంగా పాతేస్తారు. అప్పుడు కింద వేరు ఆగుతుంది గానీ పైన తీగ దాటిపోతుంది. పైకి 3 అంగుళాలు ఉంటే తీగ దాన్ని ఎక్కేటప్పుడు కంటికి కనిపిస్తుంది, కొడవలితో కోసేయొచ్చు.

రెండు బండలు కలిసే చోట సందు వదిలితే పని మొత్తం వృథా. వెనక వైపు ఇంకో 6 అంగుళాల ముక్కను ఆనించి సిమెంటు పెట్టండి. మూలల్లో ఒక బండ రెండో బండను దాటి రెండు అంగుళాలు ముందుకు ఉండాలి.

ఇంటి పైకప్పు నుంచి తీసిన పాత సిమెంటు రేకుల్ని కోసి ఇందుకు వాడుతున్నారు కొందరు. అవి ఆస్‌బెస్టాస్ రేకులైతే కోసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. దయచేసి ఆ పని చేయవద్దు.

#4 మడిగట్టు (ఖమ్మం)

నాపరాయి గారూ, మాది నల్లరేగడి. ఎండాకాలం బీటలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. బండలు నిలబడతాయా? ఇంకోటి, మడి చుట్టుకొలత 28 అడుగులు. ఆరు మడులకు 168 అడుగులు, అంటే 84 బండలు. అన్ని తప్పవా?

#5 నాపరాయి (తాండూరు)

మంచి ప్రశ్న. రేగడిలో తవ్విన మట్టినే మళ్లీ కందకంలో పోస్తే మొదటి వానకే బండలు పక్కకు వాలతాయి. బండకు రెండు వైపులా మొరమో దొడ్డు ఇసుకో పోసి గడ్డపార మొనతో కూరండి. నేల ఉబ్బినా ఆ ఒత్తిడిని ఇసుక తీసుకుంటుంది. బీటల వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. విచ్చుకున్న బీటలోకి గరిక తీగ దిగి బండ అడుగుకు చేరగలదు. అందుకే రేగడిలో 15 అంగుళాలకు తగ్గించవద్దు. ఎండాకాలం కందకం వెంట వారానికి ఒకసారి తడి ఇస్తే బీట పడదు, కానీ ఆ తడికి గరిక కూడా చిగురిస్తుంది. మొరం నింపుకోవడమే మేలు.

బండల లెక్క: మడి మడికీ వద్దు. మడులు మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఉన్నాయనుకుందాం. మధ్య దారులు, చుట్టూ 2 అడుగుల దారి కలుపుకుంటే మొత్తం స్థలం 26 అడుగులు × 20 అడుగులు అవుతుంది. చుట్టుకొలత 92 అడుగులు. 46 బండలు చాలు. ఆ గీత లోపల ఉన్న గరికను ఒక్కసారి పూర్తిగా తీసేస్తే మళ్లీ రావాల్సింది బయటి నుంచే. అప్పుడు మీరు కాపలా కాయాల్సింది 92 అడుగులే.

#6 ఎర్రనేల (అనంతపురం)

ఏప్రిల్, మే ఎండలు మనకు ఊరికే దొరికే మందు. మట్టిని బాగా తడిపి, చదును చేసి, పారదర్శకమైన పాలిథీన్ షీటు కప్పి 5 నుంచి 6 వారాలు వదిలేయండి. పై రెండు అంగుళాల మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. గింజ కలుపు చాలావరకు చస్తుంది, నారుకుళ్లు తెచ్చే బూజులు కూడా తగ్గుతాయి.

షీటు రంగు లేకుండా, అద్దంలా ఉండాలి. నల్ల షీటు వేస్తే వేడిని షీటే తాగేస్తుంది, కిందికి తక్కువ పోతుంది. మందం 25 మైక్రాన్లు, అంటే 100 గేజి, వేడికి చాలా మంచిది గానీ మా గాలులకు చిరుగుతుంది. 50 మైక్రాన్లు తీసుకోండి. మట్టికీ షీటుకూ మధ్య గాలి ఉండకూడదు, అందుకే పెళ్లలు లేకుండా చదును చేయమన్నది. అంచుల్ని గోడ లోపలి వైపు మట్టిలోకి 4 అంగుళాలు దూర్చి, ఇసుక నింపిన పాత సంచులు పెట్టండి. ఒక్క చిల్లు పడినా ఆవిరి పోయి వేడి పడిపోతుంది. చిల్లును ఆ రోజే టేపుతో మూయండి.

పొడి మట్టి మీద కప్పితే ఉపయోగం తక్కువ. తడిసి మొలకెత్తబోయే గింజ వేడికి తొందరగా చస్తుంది, ఎండిన గింజ తట్టుకుంటుంది.

#7 తొలిక (గుంటూరు)

ఎర్రనేల గారితో ఒక్క చోట విభేదిస్తాను. గింజలకు మీరు చెప్పింది అక్షరాలా నిజం. తుంగకు మాత్రం సరిపోదు. గడ్డలు ఎక్కువ భాగం 6 అంగుళాల్లో ఉన్నా, కొన్ని అడుగు లోతు వరకూ ఉంటాయి. షీటు వేడి అంత లోతుకు దిగదు. పైగా తుంగ మొలక మొన సూదిలా ఉంటుంది, పల్చటి షీటును పొడుచుకుని బయటికి వస్తుంది. మల్చింగ్ షీటునూ (మొక్కల మధ్య నేలను కప్పే ప్లాస్టిక్) అలాగే పొడుస్తుంది. తుంగ ఉన్న మడికి మల్చింగ్ షీటు వేసి చేతులు దులుపుకుంటే నెల తిరక్కుండా షీటంతా చిల్లులే.

తుంగ గడ్డ చచ్చేది తడిలో కాదు, ఎండిపోయి. తవ్వి, వేళ్లు తెగి, నిప్పుల్లాంటి ఎండలో రెండు వారాలు పడుంటే గడ్డ గుల్లవుతుంది. గరిక దుంపకాండం కూడా అంతే. మీరేమో తడపమంటున్నారు. తడి, ఎండు రెండూ ఒకేసారి కుదరవు కదా.

#8 ఎర్రనేల (అనంతపురం)

ఒప్పుకుంటాను తొలిక గారూ. అయితే రెండూ కావాలి, ఒకదాని వెనక ఒకటి. ముందు ఎండు, తర్వాత తడి. మడిగట్టు గారికి నెలల వారీగా ఇలా కుదురుతుంది.

మార్చి 20 నుంచి మడికి నీళ్లు ఆపేయండి. నెలాఖరుకు పంట పీకేయండి. ఏప్రిల్ మొదటి వారంలో మట్టిని నాలుగు ముళ్ల ఫోర్క్‌తో పెళ్లలు పెళ్లలుగా తిరగేయండి. పార వద్దు, అది గరికను ముక్కలు చేస్తుంది. చేతికి దొరికిన గరిక దుంప, తుంగ గడ్డ ఏరుతూ పోవాలి. ఒక్కో మడిలో 50 ఘనపుటడుగుల మట్టి ఉంటుంది, ఆరింటిలో 300. అంతా ఒకేసారి జల్లెడ పట్టడం కష్టం. తుంగ ఎక్కువ ఉన్న రెండు మూడు మడులకే తాపీ మేస్త్రీలు వాడే ఇసుక జల్లెడ పట్టండి, కన్ను పావు అంగుళానికి మించకూడదు. మిగతా వాటిలో పెళ్లల్ని ఏప్రిల్ 20 దాకా మూడు రోజులకు ఒకసారి తిరగేస్తూ ఎండబెట్టండి. ఈలోగా అకాల వాన పడితే లెక్క మళ్లీ మొదటి నుంచి. మబ్బు పట్టగానే టార్పాలిన్ కప్పండి.

ఏప్రిల్ 20కి మట్టి సర్ది, తడిపి, షీటు. మే నెలాఖరుకు తీయండి. తీసిన తర్వాత రెండు అంగుళాలకు మించి లోతుగా కదపకండి, అడుగున బతికి ఉన్న గింజల్ని మీరే పైకి తెచ్చినట్లవుతుంది. ఎరువు కలపాలంటే షీటు కప్పే ముందే కలపండి.

గోడ వారన ఉండే 6 అంగుళాల పట్టీ మధ్యలో వేడెక్కినంత వేడెక్కదు. అక్కడ చేత్తోనే ఏరాలి.

#9 పచ్చిరొట్ట (సిద్దిపేట)

అన్నా, జల్లెడ పట్టే ఓపిక లేనోళ్లకు ఇంకో తొవ్వ ఉంది. తుంగకు కూడా నీడంటే పడదు. తుంగ మడిలో ఒక కారు పంట పక్కనపెట్టి దట్టంగ నీడనిచ్చే పైరు వెయ్యాలె. జనుము అయితే ఒక మడికి 35–40 గ్రాముల గింజ, పొలంల వేసే మోతాదుకు రెండింతలు. అలసంద అయితే 60–70 గ్రాములు. 40–45 రోజులకు, పూత రాకముందే మొదలుకు కోసి అక్కడ్నే పరవాలె, పీకొద్దు. పీకితే మట్టి కదిలి తుంగ మళ్ల లేస్తది.

ఇంకా మంచిది చిలగడదుంప. అడుగుకొక తీగ ముక్క చొప్పున మడికి 40 నాటితే నెలన్నరల నేల కనవడకుంట కమ్ముకుంటది. మొదటి నెల మాత్రం తుంగను కోస్తనే ఉండాలె, లేకుంటే తీగ కంటే తుంగనే ముందు పెరుగుతది. దుంప తవ్వేటప్పుడు ఎట్లాగూ అడుగు లోతు తవ్వుతం, తుంగ గడ్డలు ఏరుకునే అదును అదే.

చెరువు మట్టి గురించి ఒక మాట. 2015ల మిషన్ కాకతీయ (చెరువుల పూడిక తీసే సర్కారు పథకం) మొదలైనంక పూడిక మట్టి వాడకం మా దిక్కు బాగ పెరిగింది. మట్టికి సత్తువ మస్తుంటది. కానీ చెరువు అంచున, శిఖం (చెరువు ముంపు భూమి) దగ్గర తీసిన మట్టి తుంగకు పుట్టిల్లు. నడి చెరువు మట్టి కొంత నయం. ఏదైనా సరే, తెచ్చినంక రెండు బకెట్ల మట్టి విడిగ తడిపి మూడు వారాలు చూడాలె. తుంగ లేస్తే ఆ కుప్ప మడిలకు పోనీయొద్దు.

#10 మడిగట్టు (ఖమ్మం)

పశువుల ఎరువు సంగతేంటి? మాగిందనే అమ్మారు.

#11 పచ్చిరొట్ట (సిద్దిపేట)

ఏడాది పాతదైనా కుప్ప వేడెక్కకుంటే గింజ సావదు. పెంటకుప్ప మీది పొర, పక్కల పొర ఎప్పుడూ చల్లగనే ఉంటయి. మూడు అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుకు తగ్గకుండ కుప్ప పెట్టి, పిడికిట్ల పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచి, లోపలి వేడి 55 డిగ్రీలు దాటినంక మూడు రోజులు ఆగి తిరగెయ్యాలె. బయటిది లోపలికి, లోపలిది బయటికి. అట్ల ఐదుసార్లు. వేడి చూడనీకి ఒక ఇనుప ఊచ కుప్ప నడుమ దాకా గుచ్చి పావు గంట ఉంచి తీయండి. చెయ్యి పట్టి ఆగలేనంత కాలుతుంటే వేడి మంచిగున్నట్టే. గోరువెచ్చగ ఉంటే పచ్చి పేడ కలిపి మళ్ల తిరగెయ్యాలె.

పూత పట్టిన వయ్యారిభామను ఎరువు కుప్పల వెయ్యొద్దు. ఒక్క మొక్క పదివేలకు పైన గింజలు రాలుస్తది. పీకేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి, దాని పుప్పొడికి, ఆకుకు చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వస్తయి.

#12 మిద్దెమొక్క (విజయవాడ)

మిద్దె మీద మడులకు గరిక భయం తక్కువ. అక్కడికి కలుపు వచ్చేది మట్టితోనూ నర్సరీ కుండీలతోనూ. పులిచింత చాలావరకు నర్సరీ కవర్ల పుణ్యమే. కొత్త మొక్క తెచ్చినప్పుడు కవరులో పై అంగుళం మట్టి గీకి చెత్తలో వేసి, తర్వాతే మడిలో నాటండి. పులిచింత కాయ ముదిరితే చెయ్యి తగలగానే చిట్లి గింజల్ని కొన్ని అడుగుల దూరం విసురుతుంది. కాయ పచ్చిగా, చిన్నగా ఉన్నప్పుడే తీయాలి.

పాయలాకు (మీ వైపు గంగవాయిలి) పీకి అక్కడే పడేయకండమ్మా. కాడలో నీరుంటుంది, తడి నేల తగిలితే మళ్లీ వేళ్లూనుతుంది. లేతగా ఉంటే పప్పులోకి, ముదిరితే సిమెంటు గచ్చు మీద ఎండకు. వెన్నదేవి కూడా అంతే. దానికి నేలలోపల కూడా పువ్వు పూసి గింజ కడుతుంది, అందుకని పైన తుంచితే చాలదు, వేరుతో సహా లేవాలి.

#13 గోంగూర_డాలస్

ఇక్కడ టెక్సస్‌లో గరికనే పచ్చికగా పెంచుతారు. బెర్ముడా గడ్డి అంటే మన గరికే. ఇంటి ముందూ వెనకా లాన్ అదే కాబట్టి, గోంగూర, బెండ వేసుకున్న చెక్క మడి చుట్టూ గరిక సముద్రంలా ఉంటుంది.

నాపరాయి గారు చెప్పిన బండ పద్ధతి ఇక్కడా నడుస్తుంది. బండలు లేనిచోట మడి చుట్టూ 6 అంగుళాల లోతు, 6 అంగుళాల వెడల్పు ఖాళీ కాలువ తీసి, అలా ఖాళీగానే ఉంచుతారు. తీగ గాల్లోకి వేలాడుతుంది, రెండు వారాలకు ఒకసారి కత్తెర వేస్తే సరి. కాలువలో ఆకులూ మట్టీ నిండితే మళ్లీ వంతెన కట్టినట్టే, శుభ్రం చేస్తూ ఉండాలి. లాన్ కోసే యంత్రం గరిక ముక్కల్ని మడిలోకి విసురుతుంది. మడి వైపు కాకుండా అవతలి వైపు పడేలా తిప్పి నడపాలి.

చలికాలంలో ఇక్కడి గరిక ఎండుగడ్డిలా మారుతుంది. చచ్చిందని అనుకోకూడదు, దుంపకాండం నిద్రలో ఉంటుంది. ఆ సమయంలో ఏ మందు కొట్టినా లోపలికి పోదు.

అమెరికాలో ఉన్నవారికి ముఖ్యమైన హెచ్చరిక. మల్చింగ్‌కు ఎండుగడ్డి కొంటే, ఆ పొలంలో వెడల్పాకు కలుపు చంపే అమినోపైరాలిడ్ రకం మందు కొట్టారేమో అడగండి. అది ఎండుగడ్డిలో, దాన్ని తిన్న పశువు పేడలో, కంపోస్టులో కూడా నెలల తరబడి నిలుస్తుంది. టమాటా, చిక్కుడు ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతాయి. వాడేముందు ఆ ఎరువు కలిపిన మూడు కుండీల్లో, కలపని మూడు కుండీల్లో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు పోల్చి చూడండి.

#14 మడిగట్టు (ఖమ్మం)

దారుల్లో గరికకు ఉప్పు నీళ్లు, వెనిగర్ కొట్టమని వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. గడ్డి మందు కొడితే ఒక్క దెబ్బకు పోతుందని షాపులో చెప్తున్నారు. ఏది నిజం?

#15 తొలిక (గుంటూరు)

ఉప్పు మాట మర్చిపోండి. గరిక చాలా కూరగాయల కంటే ఉప్పును బాగా తట్టుకుంటుంది. ముందు చచ్చేది మీ వంగ మొక్క. రేగడిలో ఉప్పు చేరితే మట్టి బిగుసుకుపోతుంది, నీరు దిగదు, దాన్ని బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది. వంటింటి వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం లోపే, ఆకు మాడుతుంది, దుంపకు ఏమీ కాదు. పది రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది.

గడ్డి మందుల్లో పారాక్వాట్ పై ఆకునే కాలుస్తుంది, వేరులోకి పోదు. అంటే గరికకు, తుంగకు పనికిరాదు. పైగా మనిషి లోపలికి పోతే దానికి విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండనే కూడదు.

గ్లైఫోసేట్ వేరు దాకా పోతుంది, నిజమే. కానీ 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదు. షాపులో చేతికిచ్చారని మీరు కొట్టుకోవడం కాదు. కూరగాయ మడుల మధ్య రెండడుగుల దారిలో తుంపర గాలికి లేచి ఆకు మీద పడటం కూడా ఖాయం.

క్విజాలోఫాప్ వంటి మందులు గడ్డి జాతిని మాత్రమే చంపుతాయి. అందువల్ల అవి గరిక మీద పనిచేస్తాయి, తుంగ మీద ఒక్క చుక్క కూడా పనిచేయదు. తుంగ గడ్డి జాతి కాదని మొదట్లో చెప్పింది ఇందుకే. లేబుల్ మీద లేని పంట మడిలో అవి కూడా వద్దు, ముఖ్యంగా ఆకుకూరలు పెంచే చోట.

520 చదరపు అడుగుల స్థలానికి ఫోర్కూ తొలికా (కలుపు తీసే చేతి పనిముట్టు) చాలు. దీనికి మందు అవసరం లేదని నా గట్టి నమ్మకం.

#16 నాపరాయి (తాండూరు)

దారుల పని ఏప్రిల్‌లోనే ముగించండి. ముందు దోకుడుపారతో పై తీగను చెక్కి పోగేయండి, పశువులున్న వాళ్లకిస్తే సంతోషంగా తీసుకుంటారు. తర్వాత ఫోర్క్‌తో 8 అంగుళాల లోతు లేపి దుంపకాండం ఏరండి. ఏరిన దాన్ని గచ్చు మీద పల్చగా ఆరబెట్టండి. వంచితే పుటుక్కున విరిగే వరకు కుప్పలో వేయకూడదు. ఇంకా వంగుతోందంటే బతికే ఉంది.

పైన 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు) నేసిన వీడ్ మ్యాట్, అంటే కలుపు లేవకుండా నేలను కప్పే పట్టా, పరచండి. అంతకంటే పల్చటిదాన్ని తుంగ పొడుస్తుంది, రెండో ఏడాదికే ఎండకు పొడి రాలుతుంది. పరిచేటప్పుడు మడి గోడ మీదికి 4 అంగుళాలు మడిచి ఆనించండి, రెండు ముక్కలు కలిసే చోట ఒకదానిపై ఒకటి అడుగు మేర ఉండాలి. కత్తెరతో కోసిన అంచును వేడి చేసిన కత్తితో కరిగించి అతకండి. లేదంటే దారాలు ఊడి, ఆ సందులోంచే గరిక తల పెడుతుంది. 6 అంగుళాల ఇనుప పిన్నులు అడుగున్నరకు ఒకటి.

మ్యాట్ మీద కంకర పోయాలనిపిస్తుంది, బాగుంటుంది కూడా. కానీ రెండేళ్లలో కంకర మధ్య దుమ్ము చేరి, గాలికి వచ్చిన గరిక గింజ పైనే మొలిచి మ్యాట్ నేతలోకి వేరు దింపుతుంది. అప్పుడు దాన్ని పీకితే మ్యాట్ చిరుగుతుంది. మ్యాట్‌ను ఊరికే వదిలి వారానికి ఒకసారి ఊడ్చుకోవడం మేలు.

#17 మిద్దెమొక్క (విజయవాడ)

మ్యాట్ బదులు అట్టపెట్టెలు పరిచి పైన చెక్కపొట్టు పోస్తే? ఖర్చు ఉండదు కదా.

#18 ఎర్రనేల (అనంతపురం)

పనిచేస్తుందమ్మా, ఒక కాలానికి. టేపూ స్టేపుల్ పిన్నులూ తీసేసి, రెండు పొరలుగా, ఒక అట్ట మీదికి ఇంకోటి 8 అంగుళాలు ఎక్కేలా పరిచి, నీళ్లతో నానబెట్టి, పైన 4 అంగుళాల చెక్కపొట్టు. ఒక వానాకాలం గడిచేసరికి అట్ట మట్టిలో కలిసిపోతుంది, మళ్లీ పరవాలి.

చిక్కు చెదలతో. మాలాంటి ఎర్ర నేలల్లో పొడి అట్ట, పొడి గడ్డి కనబడితే చెదలు వచ్చి చేరతాయి. ఇంటి గోడకు, తలుపు చట్రాలకు మూడు నాలుగు అడుగుల లోపు అట్టలు పరవకండి. మడి అంచులు చెక్కతో కట్టినవైతే అస్సలు వద్దు. తడిగా ఉంచితే చెదలు కొంత తగ్గుతాయి.

#19 పచ్చిరొట్ట (సిద్దిపేట)

జూన్ల విత్తే ముందు ఒక పని మరవొద్దు. షీటు తీసినంక వెంటనే విత్తకుండ మడిని ఒకసారి తడిపి 10–12 రోజులు వదిలెయ్యండి. మిగిలిన గింజలు మొలుస్తయి. రెండాకుల మీదున్నప్పుడు ఎండపూట తొలికతోని అంగుళం లోతుకే గీకాలె. అయితే తుంగ మొలకను గీకొద్దు, వేలు పక్కన దించి గడ్డతో సహ తీయాలె. సమయం ఉంటే ఇదే పని రెండోసారి.

వరిగడ్డి పరిచేముందు కూడా చూసుకోవాలె. దాంట్ల మిగిలిపోయిన వడ్ల కంకులు, ఊద (వరిల వచ్చే కలుపు) గింజలు ఉంటయి. గడ్డిని తడిపి వారం కుప్ప వేస్తే అవి మొలకెత్తుతయి, అప్పుడు విప్పి ఎండబెడితే చస్తయి. పరిచేది 3–4 అంగుళాల మందం, వానకు అణిగి రెండు అంగుళాలైతే మళ్ల పైన వెయ్యాలె. మొక్క మొదలు చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ ఉంచకుంటే మొదలు కుళ్లుతది.

పైపుతోని మడి మొత్తం తడపొద్దు. 4 అడుగుల మడికి 16 ఎంఎం ఇన్‌లైన్ డ్రిప్పు పైపులు మూడు, 30 సెం.మీ.కు ఒక రంధ్రం ఉన్నవి. తడి మొక్క దగ్గరే ఉంటది, ఖాళీ జాగల గింజ మొలవదు. వానలు కుదిరినంక ఈ లాభం పోతది, అప్పుడు గడ్డి పరుపే దిక్కు.

#20 మడిగట్టు (ఖమ్మం)

మే దాకా ఏం చేయాలో తేలిపోయింది, చాలా సంతోషం. జూన్ తర్వాత తుంగ అక్కడక్కడ లేస్తే ఎన్ని రోజులకోసారి తీయాలి?

#21 తొలిక (గుంటూరు)

తుంగ మొక్క ఐదారు ఆకులు వేసేసరికి కింద కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది. అంతకు ముందే తీయాలి. మన వేడిలో అంటే రెండు వారాలకు ఒకసారి, తప్పకుండా. రెండుసార్లు తీసి మూడోసారి మానేస్తే, ముందు తీసిన శ్రమ నీళ్లపాలే. ఒక్కో గడ్డ పదిసార్లకు పైగా చిగురించగలదు, కాబట్టి మొదటి ఏడాది తగ్గినట్టు కనిపించకపోయినా నిరాశపడొద్దు. ప్రతి చిగురుకూ గడ్డలోని నిల్వ కొంత కరుగుతుంది.

వాన వెలిసిన మర్నాడు మట్టి మెత్తగా ఉన్నప్పుడు తొలికను మొక్క పక్కన 5–6 అంగుళాలు దించి, పైకి మీటి, మరో చేత్తో మొదలు పట్టి మెల్లగా లాగండి. గడ్డ చేతికి వస్తుంది. వచ్చిన గడ్డను గట్టు మీద వేయకుండా పక్కన డబ్బాలో వేసుకోండి.

బండల వెంట గరిక కాపలా మాత్రం వారానికి ఒకసారి. వానాకాలంలో తీగ వారంలోనే బండను దాటేస్తుంది.

#22 మడిగట్టు (ఖమ్మం)

చివరిగా ఒకటి. వినాయక చవితికి ఇంట్లో గరిక కావాలి. అంతా తీసేస్తే ఎలా?

#23 మిద్దెమొక్క (విజయవాడ)

10 అంగుళాల కుండీలో నాలుగు కణుపుల తీగ ముక్కలు ఐదారు గుచ్చండి, రెండు నెలల్లో నిండిపోతుంది. మూడాకుల చిగుళ్లు లేతగా రావాలంటే పండక్కి మూడు వారాల ముందు రెండు అంగుళాలు వదిలి కత్తిరించి, ఎండలో ఉంచి నీళ్లు పోయండి. కుండీని నేల మీద పెట్టకండి, రెండు ఇటుకల మీద పెట్టండి. అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగుతుంది. అంచు దాటి వేలాడిన తీగను వారానికి ఒకసారి కోయండి. మడులకు దూరంగా, గచ్చు మీద ఉంచితే ఇంకా మంచిది.